సెంట్రింగ్ విప్పిన రోజు

మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. తణుకు చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన కట్టిన చెక్కల మీద, రేకుల మీద ఎన్ని శ్లాబులు లేచాయో ఆయనకే లెక్క తెలీదు. ఈ పనిలో ఒక తమాషా ఉంది. ఇల్లు పూర్తయ్యాక అందులో మా నాన్న చేసింది ఏదీ మిగలదు. తాపీ మేస్త్రీ కట్టిన గోడ కనిపిస్తుంది, వడ్రంగి చేసిన గుమ్మం కనిపిస్తుంది, పెయింటర్ వేసిన రంగు కనిపిస్తుంది. మా నాన్న కట్టింది మాత్రం ఊడదీసి, ట్రాక్టరుకెక్కించి, ఇంకో ఊరు పట్టుకుపోతారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళెవరూ పైకి చూసి ‘సెంట్రింగ్ బాగా కొట్టారండీ’ అనరు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఈసీఈ చదివి, క్యాంపస్‌లో వచ్చిన పెద్ద కంపెనీలో రెండేళ్ళు జావా రాసి, విసుగెత్తి ఇరవై మంది ఉన్న ఒక చిన్న కంపెనీలో చేరాను. ‘ఏం పనమ్మా నీది’ అని ఇంటికెళ్ళిన ప్రతిసారీ నాన్న అడిగేవారు. ‘కంప్యూటర్ పని నాన్నా’ అని తప్పించుకునేదాన్ని. ఒక సంక్రాంతికి మాత్రం నిజం చెప్పాను.

‘‘నువ్వు చేసే పనే నాన్నా. కాస్త చిన్న సైజులో.’’

వెటకారం చేస్తున్నాననుకుని ఆయన నవ్వి ఊరుకున్నారు. వెటకారం కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మీ ఫోన్‌ని అడ్డంగా తిప్పితే వీడియో కూడా అడ్డంగా తిరుగుతుంది కదా. ఫోన్‌కి ఎలా తెలిసింది? లోపల ఒక చిప్పులో కంటికి కనిపించనంత చిన్న పలక ఒకటి, సన్నటి స్ప్రింగులకు వేలాడుతూ ఉంటుంది. ఫోన్ వంగితే ఆ పలక ఒక పక్కకి జరుగుతుంది. పలక అంచున దువ్వెన పళ్ళలాంటి పళ్ళు ఉంటాయి. వాటి మధ్యలోకి ఎదురుగా ఉన్న ఇంకో దువ్వెన పళ్ళు వచ్చి ఉంటాయి, కానీ తాకవు. పలక జరిగితే పళ్ళ మధ్య సందు మారుతుంది, సందు మారితే అక్కడ నిలిచే విద్యుత్తు మారుతుంది. పక్కనున్న సర్క్యూట్ ఆ తేడాని కొలుస్తుంది. అంతే. నిజంగా కదిలే యంత్రం. బొమ్మ కాదు, లెక్క కాదు, ప్రోగ్రాం కాదు. మీ జేబులో ఇప్పుడు కూడా ఊగుతూ ఉంటుంది.

ఇలాంటి వాటిని మెమ్స్ అంటారు. మైక్రో ఎలక్ట్రో మెకానికల్ సిస్టమ్స్ అనే పేరులోని మొదటి అక్షరాలు. ఫోన్‌లో మైకు కూడా ఈ జాతిదే, జైరోస్కోపూ అంతే. మీరు ఊళ్ళో డిజిటల్ ప్రొజెక్టరు ఉన్న హాల్లో సినిమా చూసి ఉంటే, ఆ హీరో ముఖం చాలావరకు ఇలాంటి చిప్పు మీద నుంచే తెర మీదకి వచ్చి ఉంటుంది. డీఎల్‌పీ రకం ప్రొజెక్టర్లలో ఒక్కో చిప్పు మీద సుమారు 22 లక్షల బుల్లి అద్దాలుంటాయి. ఒక్కో అద్దం సెకనుకు వేలసార్లు ఇటూ అటూ వాలుతుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ అనే ఆయన 1987లో దీన్ని కనిపెట్టాడు. 2015లో ఆయనకి ఆస్కార్ కూడా ఇచ్చారు. చిప్పు చేసినందుకు ఆస్కార్! ఈ సంగతి చెబితే మా నాన్న మొదటిసారి నా పని మీద కొంచెం గౌరవంగా చూశారు.

సరే, ఆ పలకని వేలాడదీసేదెలా? అంత చిన్నదాన్ని చేత్తో పట్టుకుని బిగించలేం కదా. ఇక్కడే మా నాన్న వస్తారు.

ముందు సిలికాన్ పలక మీద 2 మైక్రాన్ల మందాన ఒక గాజు పొర వేస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. స్తంభం రావలసిన చోట ఆ గాజు పొరకి చిల్లు పెడతారు. దాని మీద పాలీసిలికాన్ అనే ఇంకో పొర పోస్తారు. అది చిల్లుల్లోకి దిగి స్తంభాలవుతుంది, పైన పరుచుకుని శ్లాబవుతుంది. తర్వాత ఫోటో తీసినట్టు వెలుతురుతో అచ్చు వేసి, అక్కర్లేని చోట్ల చెక్కేస్తారు. చివరికి మొత్తాన్ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో ముంచుతారు. యాసిడ్ గాజుని తినేస్తుంది, సిలికాన్ జోలికి పోదు. కింద ఉన్న గాజు పోయాక, పైన శ్లాబు గాల్లో నిలుస్తుంది. ఆ గాజు పొరకి ఇంగ్లీషులో ‘బలి ఇచ్చే పొర’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మా ఇంట్లో దాన్ని సెంట్రింగ్ అంటాం.

నాన్నకి ఇది కాగితం మీద గీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

‘‘యాసిడ్ పైనుంచి పోస్తే శ్లాబు కిందకి ఎలా వెళ్తది?’’

ఇంజినీరింగ్‌లో నన్నెవరూ అడగని ప్రశ్న. నాలుగేళ్ళు చదివాను, పరీక్షలో ఈ బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు.

‘‘శ్లాబుకి చిల్లులు పెడతాం నాన్నా. వరసగా, జల్లెడలాగా. చిల్లుల్లోంచి యాసిడ్ దిగి, పక్కలకి పాకుతుంది. చిల్లుకీ చిల్లుకీ మధ్య 30 మైక్రాన్లు దాటకూడదని రూలు.’’

‘‘దాటితే?’’

‘‘మధ్యలో గాజు మిగిలిపోతుంది.’’

‘‘బాదు తీయడం మర్చిపోయినట్టు’’ అన్నారాయన. శ్లాబు కింద పోటుగా పెట్టే సరుగుడు బాదులన్నమాట. ఆ మాట అన్నప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఏడాది తిరక్కుండానే నాకు గుర్తొచ్చింది.

దానికంటే ముందు బాల్కనీ సంగతి చెప్పాలి.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉండగా నాన్న ఒక రెండంతస్తుల ఇంటికి పని ఒప్పుకున్నారు. ముందువైపు నాలుగడుగుల బాల్కనీ. బాల్కనీకి ఒక పక్కే ఆధారం, రెండో పక్క గాల్లో. మామూలు శ్లాబుకి ఇనుము కిందవైపు ఉండాలి, బాల్కనీకి పైవైపు ఉండాలి. ఎందుకంటే మామూలు శ్లాబు మధ్యలో కిందకి కుంగి అడుగున సాగుతుంది, బాల్కనీ చివర వాలి పైన సాగుతుంది. సాగే చోట ఇనుము లేకపోతే కాంక్రీటు చీలుతుంది. ఇది నాన్నకి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ‘సంచి మోస్తే నీ భుజం మీద చర్మం సాగుతదా, చంక కిందా?’ అని నాకు చెప్పేవారు.

ఆ రోజు శ్లాబు పోస్తున్నారు. మిల్లరు తిరుగుతోంది, కాంక్రీటు బ్యాచీ వాళ్ళు బొచ్చెలతో పరుగులు. పైనున్న రాడ్లని ఎత్తిపట్టే కుర్చీలు సరిపడా వేయలేదు. జనం తొక్కేసరికి రాడ్లు కిందకి దిగిపోయాయి. నాన్న చూశారు. మిల్లరు ఆపమనాలి. ఆపితే వేసిన కాంక్రీటు గట్టిపడుతుంది, ఓనరు కేకలేస్తాడు, బ్యాచీ కూలీ ఎవరివ్వాలి? ఒకచోట కొక్కెంతో రాడ్లు పైకి లాగి, మిగతాది ‘ఏం కాదులే’ అనుకున్నారు.

రెండు వారాల తర్వాత సెంట్రింగ్ విప్పారు. విప్పడానికీ ఒక వరస ఉంది. మామూలు శ్లాబుకి మధ్య నుంచి గోడల వైపు విప్పాలి, బాల్కనీకి చివర నుంచి గోడ వైపు విప్పాలి. నాన్న వరసగానే విప్పించారు. ఆఖరి బాదు తీస్తుండగా గోడ దగ్గర పైన సన్నగా చీలిక కనబడింది. అరిచేలోపే బాల్కనీ తలుపు రెక్కలా కిందకి వాలింది. బాదు తీస్తున్న కుర్రాడి కాలు విరిగింది.

సిమెంటు పాతదని అందరూ అన్నారు. ఓనరుకీ ఆ అనుమానమే, ఎందుకంటే సిమెంటు తెచ్చింది ఆయన బావమరిది. నాన్న నోరు మెదపకుండా ఉంటే అయిపోయేది. ఆయన ఆ సాయంత్రం వాళ్ళింటికెళ్ళి, ‘రాడ్లు దిగిపోవడం నేను చూశానండి, ఆపలేదండి’ అని చెప్పొచ్చారు. బాల్కనీ మళ్ళీ కట్టిన ఖర్చు మాది, కుర్రాడి ఆస్పత్రి ఖర్చు మాది. నా ఎంసెట్ కోచింగ్‌కి దాచిన డబ్బు అందులో పోయింది. ఆయనతో నేను నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు. ‘‘అందరూ సిమెంటంటుంటే నువ్వెందుకు చెప్పావు?’’ అని ఒకసారి అడిగేశాను కూడా. ఆయన అన్నం తింటున్నారు. జవాబివ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు.

మళ్ళీ చిప్పు దగ్గరికి వస్తాను.

మెమ్స్ అంటే కొత్తగా పుట్టిందనుకుంటారు గానీ కాదు. వెస్టింగ్‌హౌస్‌లో హార్వీ నేథన్సన్ బృందం ట్రాన్సిస్టర్ మీద ఊగే లోహపు కడ్డీ పెట్టింది 1960లలోనే. 1982లో కర్ట్ పీటర్సన్ రాసిన ఒక వ్యాసం, సిలికాన్‌ని ఎలక్ట్రానిక్సుకే కాదు, ఉక్కులాగా యంత్రాలకీ వాడొచ్చని పద్ధతిగా చూపించింది. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ వాళ్ళ ఏడీఎక్స్‌ఎల్50 అనే చిప్పు కార్లలో ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరవాలో చెప్పడానికి వచ్చింది. అందులో ఊగే పలక బరువు గ్రాములో కోటో వంతు. కదిలే పలకా, దాన్ని చదివే సర్క్యూటూ రెండూ ఒకే చిప్పు మీద చేశారు. అది చదివినప్పుడు నాకు పెద్దగా అనిపించలేదు. పనిలో దిగాక తెలిసింది అదెంత గొడవో.

పలక చేసే పాలీసిలికాన్ పొరలో బిగువు ఉంటుంది. ఆ బిగువు పోవాలంటే వెయ్యి డిగ్రీల దాకా కాల్చాలి. సర్క్యూట్‌లో తీగలేమో అల్యూమినియం, 450 డిగ్రీలు దాటితేనే పాడవడం మొదలు. ఇంటికి వైరింగ్ చేసి, రంగులేసి, ఆ తర్వాత శ్లాబు పోస్తామంటే ఎలా ఉంటుందో అలా. పోనీ ముందు శ్లాబు పోసి తర్వాత సర్క్యూట్ చేద్దామంటే, సర్క్యూట్‌కి అద్దంలాంటి చదును కావాలి, అక్కడ అప్పటికే మిట్టపల్లాలు. కొందరు గొయ్యి తవ్వి పలకని అందులో చేస్తారు, కొందరు రెండు పనుల్నీ కలిపి అల్లుతారు. చాలామంది మాలాగే రెండు వేరు వేరు చిప్పులు చేసి, ఒకే డబ్బాలో పక్కపక్కన పెట్టి బంగారు తీగలతో కుడతారు. దీనిలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మనం ఊహించే ‘ఒకే చిప్పులో అన్నీ’ అనేది చాలాసార్లు ప్రకటనల్లో మాటే.

మా నాన్నకి బాగా నచ్చింది కొలతల సంగతి. మా దగ్గర 100 మైక్రాన్ల పొడవు, 2 మైక్రాన్ల మందం ఉన్న సజ్జలు మామూలు.

‘‘అంటే అయిదంగుళాల మందంతో ఇరవై అడుగులు బయటికి తీసినట్టు నాన్నా.’’

‘‘ఇరవై అడుగులా? కింద ఆధారం లేకుండా? ఎవడమ్మా ఆ ఇంట్లో ఉండేది?’’

‘‘అంత చిన్న సైజులో బరువు లెక్కలోకి రాదు. దాని బరువుకి అది వంగేది ఒక పరమాణువు వెడల్పులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.’’

ఆయన కాసేపు ఆలోచించి, ‘‘మరి నీకు భయం దేనికి?’’ అన్నారు.

మంచి ప్రశ్న. మా నాన్న జీవితమంతా బరువుతో పోరాటం. నాది జిగటతో. యాసిడ్‌లోంచి తీసి నీళ్ళతో కడిగి ఆరబెడితే, శ్లాబు కింద మిగిలిన నీటిచుక్క ఆరుతూ ఆరుతూ శ్లాబుని కిందకి లాగేస్తుంది. తడి చీర ఒంటికి అంటుకున్నట్టు, శ్లాబు నేలకి అంటుకుపోతుంది. ఇక లేవదు. నీళ్ళు పోయినా లేవదు. అందుకని ఆరబెట్టడానికో ప్రత్యేకమైన పాత్ర ఉంది. నీటిని ఆల్కహాల్‌తో, దాన్ని ద్రవరూపంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో మార్చి, ఆ తర్వాత ఒత్తిడిని 73 అట్మాస్ఫియర్లు దాటించి, వేడి 31 డిగ్రీలు దాటిస్తారు. ఆ స్థితిలో ద్రవమూ గాలీ అనే తేడా పోతుంది. చుక్కా ఉండదు, దాని అంచూ ఉండదు, లాగేదీ ఉండదు. తర్వాత మెల్లగా ఒత్తిడి తీసేస్తారు.

ఇదంతా మొదటిసారి కళ్ళతో చూసింది బెంగళూరు ఐఐఎస్సీలో. అక్కడి నానో కేంద్రంలో బయటి కాలేజీల, సంస్థల వాళ్ళకి కూడా శిక్షణ ఇస్తారు. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు, పసుపు దీపాలు, మాట్లాడితే మాస్కు లోపలే ఉండిపోయే మాటలు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ బల్ల పక్కన కాల్షియం జెల్ ట్యూబు ఒకటి పెట్టి ఉంది. అది చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. అది విన్నాక నేను ఆ బల్లకి రెండడుగులు ఎడంగానే నిలబడ్డాను. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, నా యాసిడ్ కీబోర్డులోనే ఉందనుకున్నాను. ఆ మాట నిజమే అయింది, నేననుకున్న అర్థంలో కాదు.

కంపెనీలో నా పని బొమ్మ గీసే ప్రోగ్రాం రాయడం. పలక పొడవు, వెడల్పు, స్ప్రింగు మందం ఇస్తే, మిగతా అంతా ప్రోగ్రామే గీస్తుంది. పళ్ళు, స్తంభాలు, చిల్లులు అన్నీ. 400 మైక్రాన్ల చదరపు పలక. రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి కాబట్టి సగానికి రాసి, అద్దంలో తిప్పినట్టు రెండో సగం వేశాను. తెలివైన పని అనుకున్నాను, ఎందుకంటే సగం కోడ్ మిగిలింది.

సగం పలకకి అంచు నుంచి మొదటి చిల్లుకి 28 మైక్రాన్ల దూరం పెట్టాను. 30 లోపే, రూలు ప్రకారమే. బయటి అంచున సమస్య లేదు, అక్కడ పక్క నుంచి కూడా యాసిడ్ వస్తుంది. కానీ లోపలి అంచు అంచు కాదు, రెండు సగాలు కలిసే చోటు. అటు 28, ఇటు 28. మధ్యలో 56 మైక్రాన్ల పట్టీలో ఒక్క చిల్లూ లేదు.

రూల్సు చూసే సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోలేదా అంటే, పట్టుకుంది. నూట నలభై చిల్లర హెచ్చరికలు వచ్చాయి. దాదాపు అన్నీ స్తంభాల దగ్గర. స్తంభం దగ్గర చిల్లు ఉండకూడదు, అక్కడ హెచ్చరిక రావడం మామూలే. మొదటి ఇరవై చూశాను, అన్నీ స్తంభాలే. రాత్రి పదకొండయింది, ఫైలు తెల్లారేసరికి విదేశంలో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్ళాలి. మాలాంటి చిన్న కంపెనీలకి సొంత వేఫరు పోసుకునే స్తోమత ఉండదు. ఒకే వేఫరు మీద పదిమంది తలా కొంచెం జాగా తీసుకుంటాం, షేర్ ఆటోలాగా. ఆటో వెళ్ళిపోతే మళ్ళీ వచ్చేది కొన్ని నెలలకి. అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ‘సరే’ నొక్కేశాను.

మిల్లరు తిరుగుతోంది కదా.

మూడు నెలలకి చిప్పులు వచ్చాయి. పదిహేను. మేం చేస్తున్నది మోటార్ల వణుకు పసిగట్టే సెన్సారు. రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ మోటారు బేరింగు పోయేముందు వణుకు మారుతుంది, దాన్ని ముందే పట్టుకోవాలని ఒక కస్టమర్ మా చిప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. మొదటి చిప్పుని బోర్డు మీద పెట్టి ఊపాం. స్క్రీను మీద గీత తిన్నగా ఉంది. రెండోది ఊపాం. తిన్నగానే ఉంది. పదిహేనూ తిన్నగానే ఉన్నాయి. మా హార్డ్‌వేర్ కుర్రాడు ఆఖరికి బోర్డుని బల్లకేసి కొట్టాడు. గీత కదల్లేదు.

సాయంత్రానికి అందరూ ఒక మాట మీదకొచ్చారు, ఫ్యాక్టరీ వాళ్ళు యాసిడ్‌లో తక్కువసేపు ఉంచారని. మా మేనేజర్ ఘాటుగా ఒక మెయిల్ రాయడం మొదలుపెట్టారు. నేనూ తలూపాను. నాకు నిజంగానే అప్పటికి తెలీదు.

ఇలాంటప్పుడు లోపల ఏముందో చూడటానికి చాలా పెద్ద మిషన్లున్నాయి. కానీ అందరికంటే ముందు వాడేది స్టేషనరీ షాపులో దొరికే టేపు. చిప్పు మీద అంటించి లాగితే, కింద గాజు పోయి ఉంటే పలక మొత్తం టేపుకి వచ్చేస్తుంది. రాత్రి ఎనిమిదికి ల్యాబ్‌లో నేను, ఇంకో అమ్మాయి లాగాం. టేపుకి రెండు ముక్కలొచ్చాయి, ఎడమ సగం, కుడి సగం. మధ్యలో నిటారుగా ఒక పట్టీ చిప్పు మీదే నిలబడి ఉంది. మైక్రోస్కోపులో దాని అంచుల వెంట గాజు పల్చబడిన చోట్ల నెమలి కంఠం రంగులు. అందంగా ఉంది, అబద్ధమెందుకు. అటునుంచి వచ్చిన యాసిడ్, ఇటునుంచి వచ్చిన యాసిడ్ కలుసుకోలేదు.

కలిసే చోటు చూడగానే నాకు అద్దం తిప్పిన లైను గుర్తొచ్చింది. లాప్‌టాప్ తెరిచి హెచ్చరికల జాబితా చూశాను. 97వది. స్తంభం కాదు.

పక్కనున్న అమ్మాయికి అర్థం కాలేదు. ‘యాసిడ్ టైమ్ సరిపోలేదు కదా’ అంది. అదీ ఒక రకంగా నిజమే, ఇంకో రెట్టింపు సేపు ఉంచితే ఆ పట్టీ కూడా పోయేదేమో. ఆ మాట పట్టుకుని ఉండిపోవచ్చు. మెయిల్ వెళ్తుంది, ఫ్యాక్టరీ వాళ్ళు కాదంటారు, మేం అవునంటాం, నెల గడుస్తుంది, ఈలోగా ప్రోగ్రాంలో ఒక లైను మెల్లగా సరిచేసి కూర్చోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి చేశాను కూడా, దాచుకోను. రాత్రికి రాత్రి బగ్ సరిచేసి, పొద్దున్నే ‘సర్వర్ సమస్య’ అని రాసిన రోజులున్నాయి. యాప్‌కి తెల్లారేలోపు కొత్త వెర్షన్ పంపొచ్చు. గట్టిపడిన సిలికాన్‌కి ఏ వెర్షనూ పంపలేం.

మేనేజర్ ఇంకా సీట్లోనే ఉన్నారు. మెయిల్ ఆపండి, తప్పు నాది అని చెప్పాను. చెప్పడం ఏదో ధైర్యంగా జరిగిందనుకోకండి. గొంతు సరిగ్గా రాలేదు, మధ్యలో ఏడుపొచ్చింది, ఆయన వాటర్ బాటిల్ జరిపారు. తర్వాత మాత్రం జాలి చూపించలేదు. హెచ్చరికలు చదవకుండా ఎలా ఒప్పుకున్నావని పదిమంది ముందు అడిగారు. అడగాల్సిందే. ఆ ఏడాది నా జీతం పెరగలేదు. ఫైలు మీద ఆఖరి సంతకం నా దగ్గర్నుంచి తీసేశారు. రొయ్యల చెరువుల కస్టమర్ ఆగలేక దిగుమతి చిప్పు కొనుక్కున్నాడు. మంచి చిప్పే, మాకంటే చవక కూడా.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మొత్తం విన్నారు.

‘‘ఎవరికైనా దెబ్బ తగిలిందా?’’

‘‘లేదు నాన్నా.’’

‘‘అయితే సరే. మళ్ళీ పొయ్యండి.’’

అంతే, ఫోన్ అమ్మకిచ్చేశారు.

రెండో బ్యాచ్‌కి అయిదు నెలలు పట్టింది. మధ్యలో ఒక కొత్త వరస చిల్లులు, పదహారు. అంతే తేడా. ఈలోగా ఖాళీగా కూర్చోకుండా డబ్బా మూసే పని నేర్చుకున్నాను. పలక చుట్టూ గాలి ఎంత ఉండాలో అంతే ఉంచి సీలు వేయాలి, లేకపోతే ఊగుడు మారిపోతుంది. ఇది ఎంత సున్నితమంటే, 2018లో అమెరికాలో ఒక ఆస్పత్రిలో ఎంఆర్‌ఐ మిషన్ బిగిస్తుంటే హీలియం లీకై, ఆ భవనంలో ఉన్న ఐఫోన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకి ఏమీ కాలేదు. ఐఫోన్లలో టైము చెప్పే గడియారం ఇలాంటి ఊగే సిలికానే, సీలు వేసిన డబ్బాలోకి హీలియం దూరి దాని లయ తప్పించింది. గాలి తగిలేలా కొన్నాళ్ళు వదిలేస్తే చాలావరకు మళ్ళీ పనిచేశాయి. ఈ కథ చెప్పినప్పుడు నాన్న, ‘‘సిమెంటు సందుల్లోంచి చెమ్మ దిగినట్టే’’ అన్నారు. ఈమధ్య నేను చెప్పేవాటికి ఆయన దగ్గర ముందే ఒక మాట ఉంటోంది.

ఇంకో సంగతి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సజ్జకి సెంట్రింగ్ కొట్టేటప్పుడు చివర అర అంగుళం ఎత్తు పెడతారట, విప్పాక కుంగి సమానంగా వస్తుందని. మా సజ్జలు బరువుకి కుంగవు గానీ, పొరలో పైకీ కిందకీ బిగువు తేడా ఉంటే ఎండిన ఆకులా ముడుచుకుంటాయి. ఎంత ముడుచుకుంటాయో ముందే లెక్కేసి డిజైన్‌లో వదలాలి. మా టీములో ఆ లెక్కని ఇప్పుడు ‘మేస్త్రీ కరెక్షన్’ అంటున్నారు. ఆ పేరు నేను పెట్టలేదు, ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలుసు.

రెండో బ్యాచ్ వచ్చింది. మొదటి చిప్పు ఊపితే గీత ఊగింది. పదిహేనులో పన్నెండు పనిచేశాయి. మిగతా మూడూ ఆరేటప్పుడు నేలకంటుకుపోయాయి. మా లెక్కలో అది బాగానే వచ్చినట్టు. కేకు కోయలేదు, కొత్త కస్టమర్ ఇంకా దొరకలేదు.

మొన్న సంక్రాంతికి పాత బ్యాచ్‌లో చచ్చిన చిప్పు ఒకటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాను. నాన్న వరండాలో కుర్చీ వేసుకుని, వెలుతురులోకి తిప్పి తిప్పి చూశారు. నలుసంత కూడా కనబడదని ముందే చెప్పాను, అయినా చూశారు.

‘‘ఈసారి ఎన్ని చిల్లులు పెట్టావు?’’

‘‘రెండొందల డెబ్భై రెండు.’’

‘‘లెక్కపెట్టావా?’’

‘‘ప్రోగ్రాం లెక్కపెడుతుంది నాన్నా.’’

ఆయన డబ్బీ మూత పెట్టి నా చేతికిచ్చారు.

‘‘నువ్వు?’’

‘‘నేనూ లెక్కపెట్టాను.’’